తాళం తీయని బీరువా



బాలసాహిత్య సభకు అధ్యక్షత వహించేవాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. ముందు పిల్లలు చదవడం లేదని బాధపడాలి. తర్వాత సెల్‌ఫోన్‌ను తిట్టాలి. ఆపైన చందమామను తలుచుకోవాలి. మొదటి రెండూ వదిలేస్తాను. మూడోది మాత్రం చేస్తాను, కానీ కన్నీళ్లు పెట్టుకోవడానికి కాదు.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో చందమామ పత్రిక మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపించింది కొడవటిగంటి కుటుంబరావు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, చిత్రా, శంకర్ బొమ్మలు మీకు తెలిసినవే. ఇవన్నీ సరే, పిల్లలు దానికోసం ఎందుకు కొట్టుకునేవాళ్లు? చదివాక వాళ్లను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. బేతాళ కథలో ప్రశ్న ఉండేది నిజమే. కానీ అడిగేది బేతాళుడు, తల పగిలేది విక్రమార్కుడికి. పిల్లవాడికి ఏ పూచీ లేదు, హాయిగా పేజీ తిప్పేవాడు.

ఇవాళ కథ చేతికిచ్చామంటే వెనకాలే ప్రశ్నపత్రం పంపిస్తున్నాం. పాత్రల పేర్లు రాయండి, ఈ కథవల్ల మీరు గ్రహించిన నీతి ఏమిటి, కథకు మరో శీర్షిక పెట్టండి. సినిమా చూసి బయటికొచ్చిన పెద్దవాణ్ణి గేటు దగ్గర ఆపి ఈ మూడూ అడిగితే మళ్లీ ఆ హాలు వైపు వెళతాడా? ఇందులో రచయితలమైన మన వాటా తక్కువేమీ కాదు. కుందేలు పరిగెత్తితే నీతి, కాకి నీళ్లు తాగితే నీతి. ముళ్లపూడి బుడుగు ఎవరికీ నీతి చెప్పలేదు, అందుకే ఇంకా అల్లరి చేస్తున్నాడు.

ఇష్టంగా చదవనిద్దామంటే, "ముందు చదవడం రావాలి కదా, ఇష్టం సంగతి తర్వాత" అనే మాట టీచర్ల దగ్గర తరచుగా వింటాను. కొట్టిపారేయదగ్గ మాట కాదు. గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతమని అసర్ విద్యా సర్వే నివేదికలు చెబుతున్నాయి. అయితే మన లిపి సంగతి చూడండి. గుణింతాలూ ఒత్తులూ పట్టుబడితే తెలుగులో ఎంత కొత్త మాటనైనా పైకి పలకవచ్చు. అంతమాత్రాన చదివినట్టు కాదు. ఒక్కో అక్షరం కూడబలుక్కునే పిల్ల వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతుంది. ఆ కూడబలుక్కోవడం పోవాలంటే చాలా చదవాలి, సులువైనవీ, చదివినవే మళ్లీ మళ్లీ. ఇష్టం లేకుండా అంత చదివే పిల్లను నేనింతవరకు చూడలేదు. కాబట్టి ఇష్టం చదువు వచ్చాక తొడిగే నగ కాదు, చదువు రావడానికే అది కావాలి. ఇంకా చదవలేని పిల్లకు మనం పైకి చదివి వినిపించాలి, రోజూ, బొమ్మలు చూపిస్తూ. అందుకు నాన్నకు అద్భుతమైన కంఠం అక్కర్లేదు, కాసేపు ఫోన్ పక్కన పెడితే చాలు. (ఫోన్‌ను తిట్టనన్నాను, ఇది పెద్దవాళ్ల ఫోన్ సంగతి.)

అసలు విషయానికి వస్తాను. పుస్తకాలు లేవంటున్నాం. చాలా బడుల్లో ఉన్నాయి. ప్రధానోపాధ్యాయుల గదిలో, ఇనప బీరువాలో, వరస నంబర్లు వేసుకుని ఉన్నాయి. తాళంచెవి ఒక టీచర్ దగ్గర ఉంటుంది. ఆ టీచర్‌ను నేను తప్పుపట్టను. బదిలీ అయినప్పుడు స్టాక్ రిజిస్టర్ ముందు పెట్టుకుని పుస్తకాలు లెక్క అప్పజెప్పాలి, తగ్గితే ఎవరు కట్టాలి? అట్ట చిరిగినదాన్ని ఏమని రాయాలి? ఆ భయం ఉన్నంతకాలం నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో బీరువా తెరుచుకుంటుంది, 21న మూసుకుంటుంది.

ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తూ 1931లో గ్రంథాలయ పంచసూత్రాలు ప్రకటించారు. అందులో మొదటిదే పుస్తకాలున్నది వాడకానికని. ఒకప్పుడు యూరప్‌లో పుస్తకాలను గొలుసులతో కట్టేసేవారని ఆ సందర్భంలోనే ఆయన గుర్తుచేశారు. మనం గొలుసు తీసేసి తాళం వేశాం.

ఇక్కడ మీకొక నియమం చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017 ప్రకారం, ఏడాదిలో పాఠకులు తీసుకున్న, తిరగేసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు 5 పోతే సహజ నష్టంగా లెక్క వేయవచ్చు, మోసమూ నిర్లక్ష్యమూ లేనంతవరకు. ఇందులోని సొగసు గమనించండి. ఆ 5 బీరువాలో ఉన్న పుస్తకాలకు కాదు, చేతులు మారిన పుస్తకాలకు. ఎంత ఎక్కువ ఇస్తే అంత మినహాయింపు. ఒక్కటీ బయటికి ఇవ్వని వాడికి మినహాయింపు సున్నా. ఈ నియమం కేంద్ర సంస్థలకు, పెద్దవాళ్లు వాడే గ్రంథాలయాలకు. ఏడేళ్ల పిల్లలు వాడే పుస్తకాలకు ఇంకా ఉదారంగా ఉండాలి. వాళ్లు నలుపుతారు, బొమ్మలకు మీసాలు పెడతారు, చెల్లెలు అట్ట నములుతుంది. నలగని పిల్లల పుస్తకం దండగ ఖర్చు.

గుజరాత్‌లో విద్యావేత్త గిజుభాయి బధేకా 1932లో రాసిన 'పగటికల' చాలామంది చదివే ఉంటారు. అందులో నాలుగో తరగతి పంతులు లక్ష్మీరాం ముందు కథలు చెబుతాడు, రోజుల తరబడి. పిల్లలకు ఇంకా కావాలనిపించాక పుస్తకాలు చూపిస్తాడు. అందరూ ఒకే పాఠ్యపుస్తకం ఎందుకు కొనాలి, ఆ డబ్బుతో తలా ఒక వేరే పుస్తకం కొంటే తరగతికి గ్రంథాలయం వస్తుంది కదా అని లెక్క చెబుతాడు. విద్యాశాఖ అధికారి తల పట్టుకుంటాడనుకోండి. దాదాపు వందేళ్లయింది, ఆ లెక్క తప్పని నిరూపించినవాళ్లు లేరు.

మనకూ తక్కువ చరిత్ర లేదు. ఇదే బెజవాడలో 1914 ఏప్రిల్‌లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఆయనలా అధ్యక్ష స్థానంలో కూర్చోవడానికి నాకు కాస్త బెరుకుగానే ఉంది. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. పాఠకుడు రాలేదని ఆయన ఫిర్యాదు చేయలేదు, పడవలో పాఠకుడి రేవుకే వెళ్లారు. ఇప్పుడు మనం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ సొమ్ము స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయ సంస్థలకు వేళకు చేరదన్న ఫిర్యాదు పాతది. చేరినదానిలో పిల్లల కథల పుస్తకాలకు ఎంత పోతోందని మీ జిల్లాలో అడిగి చూడండి.

చందమామ పోయిందని వాపోయే మిత్రులకు ఒక్క మాట. మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్ వంటి సంస్థలు చక్కటి బొమ్మల పుస్తకాలు తెలుగులో తెస్తున్నాయి. ఈ ఏడాది వాటిలో ఎన్ని కొన్నారు?

మధ్యాహ్నం తీర్మానాల సమావేశంలో నేను ప్రతిపాదించబోయేది ఒక్కటే. బడి గ్రంథాలయంలో వాడకంవల్ల చిరిగిన, పోయిన పుస్తకాలకు టీచర్ తన జీతంలోంచి కట్టనక్కర్లేదని, చేతులు మారిన పుస్తకాలను బట్టి నష్టాన్ని ఏటా రద్దు చేయవచ్చని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. దానికి సవరణలు ఉన్నవాళ్లు భోజన విరామంలోపు చీటీ మీద రాసి కార్యదర్శి గారికి అందజేయండి. బాలసాహిత్యానికి అకాడమీ పెట్టాలన్న పాత తీర్మానం కూడా జాబితాలో ఉంది, దాన్ని మాత్రం దయచేసి చివర పెట్టండి. ఇక మొదటి పత్ర సమర్పణకు వక్తను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.