పరీక్షించే పనిముట్లలో బఫర్ ఓవర్‌ఫ్లో

మా మాస్టారి శిష్యుల్లో నాకంటే బాగా మాట్లాడేవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు. ఆయనతో నాకంటే ఎక్కువ పోట్లాడినవాళ్లు మాత్రం లేరు. అందుకే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచారనుకుంటాను.

బఫర్ ఓవర్‌ఫ్లో అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. 1972లో అమెరికా వైమానిక దళం కోసం జేమ్స్ ఆండర్సన్ రాసిన నివేదికలోనే ఆ దాడి పద్ధతి ఉంది. ఆ తర్వాతి పదహారేళ్లు నాకు చప్పగా తోస్తాయి, దాటేద్దాం.

నేను కూర్చుని తవ్వింది 1988 శరత్కాలం. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ప్రొఫెసర్ బార్టన్ మిల్లర్ ఓ గాలివాన రాత్రి ఇంటి నుంచి టెలిఫోన్ లైను మీద యూనివర్సిటీ కంప్యూటర్‌లో పనిచేస్తున్నారు. లైన్లో గరగర. టైపు చేసిన అక్షరాల మధ్య చెత్త అక్షరాలు దూరుతున్నాయి. అది ఆ రోజుల్లో మామూలే. ఆ మాత్రానికే యూనిక్స్ ప్రోగ్రాములు కుప్పకూలడం ఆయనకు వింతగా తోచింది. దాన్నే విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇచ్చారు. ఇష్టమొచ్చిన అక్షరాలు పుట్టించి యుటిలిటీలకు తినిపించే ఆ ప్రోగ్రాము పేరు ఫజ్. 1990లో ఫలితాలు అచ్చయ్యాయి: పరీక్షకు పెట్టినవాటిలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పడిపోయాయి. పడినవాటిలో ఏడీబీ ఒకటి. అదేమో ఇతర ప్రోగ్రాముల తప్పులు పట్టే డీబగ్గర్!

అదే శరత్తులో, నవంబరు 2న, మోరిస్ వార్మ్ బయటపడింది. ఫింగర్‌డీ అనే సర్వీసు 512 బైట్ల బఫర్‌లోకి గెట్స్ అనే సీ ఫంక్షన్‌తో చదివేది. ఎంతవరకు చదవాలో గెట్స్‌కి చెప్పే వీలే లేదు, లైను అయిపోయేదాకా చదువుతూనే పోతుంది. వార్మ్ పంపినవి 536 బైట్లు. ఆ ఎక్కువైనవి స్టాక్ మీది రిటర్న్ అడ్రసును చెరిపేశాయి.

ఇక్కడే కొందరు చరిత్రకారులతో నాకు పేచీ. ఫింగర్‌డీ నెట్‌వర్క్ మీద ఉంది కాబట్టి అది భద్రతా లోపమట. ఏడీబీని మన మెషీన్లో మనమే నడుపుకుంటాం కాబట్టి అది ఉత్త బగ్గట. రెండు చరిత్రలనూ కలపకూడదట. మాస్టారూ ఆ పక్షమే. "నీ కత్తితో నీ వేలు కోసుకుంటే పోలీసులకు ఫిర్యాదు చేస్తావుటోయ్?" అనేవారు. వేలు నాదేనండీ, కత్తి తిప్పుతున్నదెవరో చూడండి అనేవాణ్ని. డీబగ్గర్‌లోకి మనం ఎక్కించేది మన ఫైళ్లనేనా? అనుమానం వచ్చిన ఫైలునే ముందు ఎక్కిస్తాం. కమాండ్ కొట్టేది నేను, ఫైలు రాసింది ఎవడో. అందులోని బైట్లు బఫర్ దాటితే నా హక్కులన్నీ వాడి చేతిలో పడతాయి. ఆ పనిముట్టుకు రూట్ హక్కులు లేవు కదా అంటారు. నా మెయిలు, నా తాళంచెవుల ఫైళ్లు, నా సోర్సు చదవడానికి రూట్ ఎందుకు? ఈ ప్రశ్నకు వాళ్ల పుస్తకాల్లో నాకు జవాబు దొరకలేదు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. గబగబా చెప్పేస్తాను. 1996లో ఫ్రాక్ పత్రికలో ఆలెఫ్ వన్ వ్యాసం, 1998లో స్టాక్‌గార్డ్, 2011 సీ ప్రమాణంలో గెట్స్ తొలగింపు, 2012లో అడ్రస్ శానిటైజర్. ఒక్కొక్కటీ ఒక ఉపన్యాసం.

2014 మాత్రం వదల్లేను. ఫైలులో చదవగలిగే అక్షరాలను చూపే స్ట్రింగ్స్ కమాండ్ మనందరికీ అలవాటే. అది బైట్లు మాత్రమే చూస్తుందనుకునేవాళ్లం. నిజానికి ఫైలు ఈఎల్‌ఎఫ్ అయితే, దాని విభాగాలు తెలుసుకోవడానికి లిబ్‌బీఎఫ్‌డీ లైబ్రరీకి అప్పగించేది. మిహావ్ జాలెవ్‌స్కీ ఏఎఫ్‌ఎల్ ఫజర్‌తో ఆ లైబ్రరీలో మెమరీ హద్దు దాటే రాతలు బయటపెట్టి, నమ్మకంలేని ఫైళ్ల మీద స్ట్రింగ్స్ నడపొద్దన్నారు. వైరస్ విశ్లేషకులు మొదట కొట్టే కమాండ్లలో అదొకటి! తర్వాత డిఫాల్టు మార్చారు. పాత యంత్రాలు వాడేవాళ్లు మైనస్ ఏ ఆప్షన్ తగిలించండి, అప్పుడది ఫైలంతా బైట్లుగానే చదువుతుంది.