కాన్పు ఒకటి, లెక్కలు రెండు



కవలలు పుట్టారనగానే మనవాళ్ళకు ఎక్కడలేని సంబరం. మగపిల్లలిద్దరైతే బారసాల కాకముందే రామలక్ష్మణులో, లవకుశులో అయిపోతారు. ఇరుగుపొరుగమ్మలు వచ్చి చూసి, "ఒక్క కాన్పుతో ఇద్దరిని ఎత్తుకున్నావు, అదృష్టవంతురాలివమ్మా" అని చెప్పి వెళ్తారు. తూర్పు గోదావరి జిల్లా రంగంపేట మండలంలో దొడ్డిగుంట అనే వూరుంది. అక్కడ కవలలు ఎక్కువని పేరు. ఆ వూరి బావి నీళ్ళు తాగితే కవలలు పుడతారని నమ్మి పైవూళ్ళ నుంచి వచ్చి పట్టుకుపోయేవాళ్ళు కూడా వున్నారు. నీళ్ళ మహిమ ఎంతవరకు నిజమో గాని, ఆ పుట్టిన ఇద్దరినీ మొదటి ఆరు నెలలు సాకేదెవరు, ఆ తల్లి ఎన్నాళ్ళు ఇంటిపట్టున వుండగలదు అన్న ఆలోచన మాత్రం సంబరంలో ఎవరికీ తట్టదు. ఈవేళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందు మనకు తెలిసిన లెక్కే వేసి చూద్దాం. పసిగుడ్డుకు రాత్రీ పగలూ కలిపి తక్కువలో తక్కువ ఎనిమిదిసార్లు పాలివ్వాలి. పాలు పట్టడం, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవడం, పొత్తిగుడ్డ మార్చడం, అన్నీ కలిపి ఒక్కొక్కసారికి అరగంట వేసుకోండి. నాలుగు గంటలు. ఇద్దరైతే ఎనిమిది గంటలు! ఆఫీసులో గుమాస్తా చేసే డ్యూటీ అంతన్నమాట. పైగా దీనికి ఆదివారం లేదు. ఇద్దరికీ ఒకేసారి చెరోవైపు పాలివ్వవచ్చు, అది నర్సమ్మలు నేర్పుతారు. కాని పిల్లల్ని అందించడానికి పక్కన ఇంకో మనిషి వుండాలి గదా.

ఇంతటితో అయిపోలేదు. కవలల్లో సగానికి పైగా నెలలు నిండకుండానే పుడతారు. రెండున్నర కిలోలైనా తూగనివాళ్ళే ఎక్కువ. అలాంటి బిడ్డను బట్టల్లో చుట్టి పక్కన పడుకోబెట్టడం కంటె రొమ్ముకు ఆనించి కట్టుకోవడం మేలని డాక్టర్లు చెబుతున్నారు. దీన్ని కంగారూ పద్ధతి అంటారు. 1970ల చివర దక్షిణ అమెరికాలో కొలంబియా దేశపు డాక్టర్లు మొదలుపెట్టారు. దీనికి తండ్రి ఛాతీ కూడా చక్కగా పనికివస్తుంది. ఇద్దరు బిడ్డలున్నచోట అది పనికిరావడం కాదు, అవసరమే. మరి ఆ తండ్రి ఇంట్లో వుండాలంటే ఆయనకూ సెలవు కావాలి.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదట 12 వారాల సెలవు ఇచ్చింది. 2017లో దాన్ని 26 వారాలకు పెంచారు. 2020 సామాజిక భద్రతా స్మృతిలో కూడా అదే లెక్క పెట్టారు. ఇది చాలా మంచి పని, ఏ మాటకామాట చెప్పుకోవాలి. అయితే ఈ 26 వారాలు ఒకరు పుట్టినా, ఇద్దరు పుట్టినా, ముగ్గురు పుట్టినా ఒకటే. కాన్పుకు ముందు వాడుకోగలిగింది అందులో 8 వారాలే. కవలల్ని మోసే తల్లికి ముందే విశ్రాంతి కావాలి కనుక ఆ 8 వారాలూ ముందే ఖర్చయిపోతాయి. మిగిలినవి 18. పిల్లలు ఆస్పత్రి పెట్టెలో వున్న రోజులు కూడా అందులోంచే పోతాయి. ఉద్యోగంలో చేరాక బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలిస్తారు. కవలలుంటే నాలుగని ఎక్కడా రాయలేదు. చెరొకటి అనుకోవాలి కాబోలు!

సెలవు ఇచ్చేటప్పుడు కాన్పును లెక్కపెట్టారు, సరే. సెలవు తగ్గించేటప్పుడో? అప్పుడు మాత్రం తలలు లెక్కపెడతారు. బతికివున్న పిల్లలు ఇద్దరుంటే తరువాతి కాన్పుకు 26 వారాలు కాదు, 12 వారాలే. కేంద్ర ప్రభుత్వోద్యోగుల నిబంధనల్లో ఇంకా గట్టిగా వుంది. ఇద్దరికంటె తక్కువమంది పిల్లలున్న ఉద్యోగినికే 180 రోజుల ప్రసూతి సెలవు. మొదటి కాన్పులోనే కవలలు పుట్టిన ఒక ఉద్యోగిని రెండో కాన్పుకు సెలవు అడిగితే ఆ తగవు మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళింది. 2020లో తీర్పు ఆమెకు వ్యతిరేకంగా వచ్చింది. కవలలు కూడా ఒకరి తరువాత ఒకరే పుడతారు, ఆ మధ్య వ్యవధిని బట్టే పెద్దా చిన్నా నిర్ణయిస్తాం, కనుక అది రెండు ప్రసవాల కిందకే వస్తుందని న్యాయమూర్తులు అన్నారు. నేను మెట్రిక్ చదివినదాన్ని, న్యాయశాస్త్రం నాకు తెలియదు. కాని రెండు ప్రసవాలే అయితే మొదటిసారి రెండు సెలవులు ఇచ్చివుండాలి గదా అని ఏ ఇల్లాలికైనా అనిపిస్తుంది.

గాలి కొంచెం మారుతున్న మాట కూడా చెప్పాలి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు తమిళనాడు ఉపాధ్యాయిని ఒకరి కేసులో, ప్రసూతి సెలవు స్త్రీ పునరుత్పత్తి హక్కుల్లో భాగమని చెప్పింది. ఆ ఏడాదే మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, ఉద్యోగినులకు ఎంతమంది పిల్లలున్నా ప్రసూతి సెలవు ఇస్తామని మన ముఖ్యమంత్రి ప్రకటించారు. ఆశా కార్యకర్తలకు 180 రోజుల సెలవు ఇవ్వాలని నిర్ణయించినప్పుడు "మొదటి రెండు కాన్పులకు" అన్నారు. చూశారా, ఇక్కడ పిల్లల్ని కాక కాన్పుల్ని లెక్కపెట్టారు. అలా రాస్తే కవలల తల్లికి అన్యాయం జరగదు. ఒక్క మాటలో వుంది తేడా అంతా.

మీ ఇంట్లో ఉద్యోగం చేసే కూతురో కోడలో వుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నెలలు నిండకుండా కాన్పయినా, కాన్పు వల్ల జబ్బు చేసినా, డాక్టరు కాగితం చూపించి ఇంకొక నెల దాకా జీతంతో సెలవు అడగవచ్చు. ఇది చట్టంలోనే వుంది, చాలామంది అడగరు. ప్రభుత్వోద్యోగినులకు పిల్లల సంరక్షణ సెలవు వేరే వుంది. కేంద్రంలో సర్వీసు మొత్తానికి 730 రోజులు, మన రాష్ట్రంలో 180 రోజులు. తండ్రికి ప్రభుత్వోద్యోగంలో 15 రోజులు ఇస్తారు. ప్రైవేటులో తండ్రికి చట్టప్రకారం ఏమీ లేదు, యజమాని దయ.

ఇతర దేశాలవాళ్ళు ఏం చేశారంటారా? చైనాలో 98 రోజుల సెలవు మీద, కాన్పులో అదనంగా పుట్టిన ఒక్కొక్క బిడ్డకు 15 రోజులు కలుపుతారు. వియత్నాంలో ఆరు నెలల సెలవు మీద రెండో బిడ్డనుంచి తలకు ఒక నెల. ఫ్రాన్సులో ఒక బిడ్డకు 16 వారాలైతే కవలలకు 34, ముగ్గురికి 46. తండ్రికి ఇచ్చే 25 రోజులు కూడా కవలలైతే 32 అవుతాయి. ఎక్కువమంది పుట్టినప్పుడు సెలవు పొడిగించాలని 2000లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసింది. నూరు కాన్పుల్లో ఇంచుమించు ఒకటి కవలలది. నూటికి ఒకరికి నాలుగు వారాలు పెంచితే ఏ ఖజానా ఖాళీ అవుతుంది చెప్పండి?

ఇంతవరకు చెప్పుకున్నది నెలజీతం వచ్చేవాళ్ళ మాట. మన విశాఖపట్నం నుంచి రైలెక్కి, బొర్రా గుహలూ వలిసె పూలూ చూసి, కాఫీ తాగి వచ్చే అరకులోయలో ఈ మాటలకు అర్థమే వేరు. కిందటి శీతాకాలం అరకు సంతలో ఒకామెను చూశాను. ఒక బిడ్డను వీపున గుడ్డతో కట్టుకుంది, రెండో బిడ్డను వాళ్ళ అత్త చంకనేసుకుంది. ముందు చిక్కుడు గింజల కుప్ప. పిల్లలకు మూడు నెలలుంటాయేమో. కాన్పయ్యాక ఎన్నాళ్ళు పనికి పోలేదమ్మా అని అడిగాను. "సెలవేటమ్మా మాకు? సంత రోజే సెలవు" అని నవ్వింది. ఆ అత్త మాత్రం నవ్వలేదు. "పాలు చాలక ఒకడు ఏడుస్తంటే ఇంకోడు లేస్తాడమ్మా. నాను తోటకి పోకపోతే గింజ రాలిపోతాది" అంది. అది కాఫీ పళ్ళు కోసే కాలం మరి.

ప్రసూతి చట్టంలో ఫ్యాక్టరీ, గని, తోట అని పేరుపేరునా రాసివుంది. కాని మన్యంలో కాఫీ ఎక్కువభాగం గిరిజనుల సొంత చెక్కల్లోనే పండుతుంది. ఎకరమో రెండెకరాలో వున్న ఆవిడ తన తోటకు తానే కూలి, తానే యజమానురాలు. సెలవు ఎవర్ని అడుగుతుంది?

ఇలాంటివాళ్ళకోసమే 2017లో ప్రధానమంత్రి మాతృ వందన యోజన వచ్చింది. కాన్పుకు ముందూ వెనకా కూలి పోయినందుకు కొంత పరిహారంగా మొదటి బిడ్డకు 5,000 రూపాయలు ఇస్తారు. అంటే పేదింటి తల్లికి సెలవు జీతం ఇదేనన్నమాట. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. రెండో కాన్పులో కవలలు పుట్టి వాళ్ళలో ఒక్క ఆడపిల్ల వున్నా ఆ 6,000 ఇవ్వాలని నియమం. ఈ సంగతి అంగన్‌వాడీలో అడగాలి. మొదటి కాన్పులోనే కవలలైతే మాత్రం ఆ 5,000 పదివేలు కాదు.

డబ్బు కంటె ముందు కావలసింది ఆస్పత్రికి దగ్గరగా వుండడం. రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణుల్ని ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. కడుపులో ఇద్దరున్న తల్లికి నొప్పులు ఎనిమిదో నెలలోనే రావచ్చు. అందుకని నెలలు దగ్గరపడ్డవాళ్ళను ముందుగానే దించి, తిండీ వైద్యమూ చూసి, కాన్పు దాకా వుంచుకునే వసతి గృహాలు పెట్టారు. సాలూరులో 2018లో ఐ.టి.డి.ఏ. వారు మొదలుపెట్టినది అలాంటిదే. చాలా తెలివైన ఏర్పాటు. కాని అక్కడ కూర్చుంటే ఇంటిదగ్గర పెద్దపిల్లకు అంబలి పోసేదెవరు, చోడిచేను చూసేదెవరు? ఆ దిగులుతోనే కొందరు దిగిరారు. భర్తకు ఆ నెల రోజుల కూలి ఇచ్చి ఇంటిదగ్గర వుండమంటే ఆవిడ నిశ్చింతగా మంచం మీద పడుకుంటుంది. తండ్రికి సెలవంటే కొండమీద అదే.

2005 ఉపాధి హామీ చట్టంలో ఒక చక్కని నియమం వుండేది. పనిచోటికి అయిదుగురు పసిపిల్లలు వస్తే, వాళ్ళను చూసుకోవడానికి కూలీల్లోనే ఒకామెను పెట్టి ఆవిడకు కూడా కూలి ఇవ్వాలి. ఆ ఆలోచననే కాస్త కిందికి దించి, కవలలున్న ఇంట్లో అత్తకో అమ్మకో తోడికోడలికో ఆరు నెలలపాటు రోజుకు కొంత కూలి ఇస్తే ఎలా వుంటుందంటారు? గూడెంలో ఆ చేతులు వున్నాయి. ఖాళీగా మాత్రం లేవు.

ఇంకొకటి, ఇది ఆడవాళ్ళమే కనిపెట్టగలం. పాలిచ్చే తల్లికి కాన్పయిన ఆరు నెలల దాకా అంగన్‌వాడీ నుంచి రోజుకు 600 కాలరీల ఆహారం అదనంగా అందాలని 2013 ఆహార భద్రతా చట్టం చెబుతోంది. అది తల్లికి ఇంత అన్న లెక్క. ఇద్దరికి పాలిచ్చినా అంతే. ఏడో నెల వచ్చాక పిల్లలిద్దరి పేర్లూ రిజిస్టరులో వేరువేరుగా ఎక్కుతాయి, అప్పటినుంచి ఎవరి పొట్లం వారిది. అందాకా ఒక్క వాటాతోనే ఆవిడ ఇద్దరికీ పాలు పడాలి.