గృహములందలి డి.వి.డి.ల సంరక్షణము



గ్రంథాలయమనగా గ్రంథములను చేర్చియుంచు స్థలము మాత్రమే కాదు. చేర్చినదానిని చెడకుండ కాపాడి తరువాతి తరమువారి చేతికి అందించు స్థలము. ఈ రెండవ పని మొదటిదానికంటె కష్టమైనది. కాగితమునకు చెదలు శత్రువు, తాటాకునకు పురుగు శత్రువు. నేడు కోనసీమలో అనేక గృహములందు, బీరువా అరలోనో ట్రంకుపెట్టె అడుగుననో, ఇంకొక విధమైన గ్రంథమున్నది. దానికిని శత్రువులు కలరు. అదియే డి.వి.డి. బిళ్ళ.

2000 సంవత్సరము తరువాత పది పదిహేనేండ్లపాటు వివాహములు, ఉపనయనములు, గృహప్రవేశములు, షష్టిపూర్తులు ఎక్కువగా ఈ బిళ్ళలమీదనే నిలిచినవి. అంతకు పూర్వపు వీడియో క్యాసెట్లను గూడ పలువురు వీనిమీదికే మార్పించుకొనిరి. అమలాపురము, రాజోలు ప్రాంతములనుండి కువైటు, దుబాయి, మస్కట్టులకు బ్రతుకుతెరువుకై వెళ్ళినవారు చెల్లెలి పెండ్లిని ఈ బిళ్ళలోనే చూచి కన్నులు తుడుచుకొనిరి. కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థము, అంతర్వేది నరసింహస్వామి కల్యాణము మొదలగు ఉత్సవములు గూడ ఇట్లే చిత్రింపబడినవి. నేడు లేని తాతగారి నడక, బామ్మగారి పలుకు కొన్ని ఇండ్లలో ఒక్క బిళ్ళమీదనే మిగిలియున్నవి. సినిమా బిళ్ళ పోయినచో మరియొకటి కొనవచ్చును. ఇంటి బిళ్ళ పోయినచో దానిని అమ్ము అంగడి ఎచ్చటను లేదు.

ఒకే ప్రతిని నమ్ముకొనుట ఎంత ప్రమాదమో సినిమా చరిత్రయే చెప్పుచున్నది. 1931 మార్చి 14న విడుదలైన భారతదేశపు తొలి టాకీ ఆలం ఆరా యొక్క ప్రతి నేడు ఒక్కటియు లభ్యము కాదు. తెలుగువారి తొలి మూగచిత్రముగా పేరొందిన భీష్మ ప్రతిజ్ఞ గతియు అంతే. దేశమంతయు ఎరిగిన చిత్రములకే అట్టి గతి పట్టినప్పుడు ఒక కుటుంబపు బిళ్ళ సంగతి చెప్పనేల?

కోనసీమకు ఈ హెచ్చరిక మరింత అవసరము. డి.వి.డి. యంత్రములు తొలిసారిగా జపాను దేశములో అమ్మకమునకు వచ్చినది 1996 నవంబరులో. ఆ నవంబరు 6వ తేదీననే కోనసీమను పెనుతుపాను ముంచెత్తినది. కొబ్బరితోటలు నేలకొరగినవి, పైకప్పులు లేచిపోయినవి. ఎన్నో ఇండ్లలో కాగితములు, ఫొటోలు నీటిపాలైనవి. 1986లోను 2022లోను వచ్చిన గోదావరి వరదలు లంక గ్రామములను ముంచినవి. తుపాను లేని యేడు గూడ ఉప్పుగాలియు తేమయు ఇక్కడ ఉండనే యుండును.

బిళ్ళ ఎట్లు చెడునో తెలిసికొనుట మంచిది. డి.వి.డి. వ్యాసము 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. ఒక్కొక్కటి 0.6 మిల్లీమీటర్ల మందముగల రెండు పలకలను అతికి దీనిని చేయుదురు. సమాచారము ఆ రెండింటి నడుమ నుండును. ఒక్క మిల్లీమీటరు వెడల్పులో వేయికి మించిన వరుసలుండును. వానిని ఎఱ్ఱని లేజరు కిరణము చదువును. సినిమా బిళ్ళలోని గుర్తులు అచ్చుతో ఒత్తినవి. స్టూడియోలో వ్రాసి ఇచ్చిన బిళ్ళలోని గుర్తులు ఒక రంగుపూతపై లేజరుతో కాల్చినవి. ఆ రంగు ఎండకు, వేడికి క్రమముగా మారిపోవును. అతుకులోనికి తేమ చేరినచో లోపలి లోహపు పొర చెడును. కావున అచ్చు బిళ్ళకంటె ఇంటి బిళ్ళయే ముందు నశించు స్వభావము కలది. విలువైనదియు అదియే, బలహీనమైనదియు అదియే.

నకలు తీయుటకు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని పలువురు అడుగుదురు. ఆ ప్రశ్నకు ముందు మరియొక ప్రశ్న కలదు. కావలసినది మూలమా, సంగ్రహమా? గ్రంథాలయమునకు వచ్చువారికి ఈ భేదము తెలిసినదే. భారతమునకు సంగ్రహము చదువుటకు సులభము. సంగ్రహమున్నదిగదా యని మూలమును పారవైచువాడు ఉండడు. బిళ్ళకును అదే న్యాయము.

మూలమును ఉన్నదున్నట్లు తీసికొనుటను ఇమేజి తీయుట యందురు. బిళ్ళ అంతయు ఐ.ఎస్.ఓ. అను ఒకే ఫైలుగా హార్డ్‌డిస్కులో చేరును. విండోస్ కంప్యూటరులో ఇందుకు ఇమ్జ్‌బర్న్ అను ఉచిత సాఫ్ట్‌వేర్ చాలును. లినక్స్ వాడువారికి కె3బి, బ్రసెరో కలవు. ఇట్లు తీసిన ఫైలును వి.ఎల్.సి. ప్లేయరులో బిళ్ళవలెనే చూడవచ్చును. ఒక పొర బిళ్ళలో 4.7 గిగాబైట్లు, రెండు పొరల బిళ్ళలో 8.5 గిగాబైట్లు పట్టును. ఒక టెరాబైటు హార్డ్‌డిస్కులో ఒక పొర బిళ్ళలు సుమారు రెండు వందలు ఇముడును. ఒక వీధిలోని ఇండ్లన్నిటి బిళ్ళలకు అది సరిపోవచ్చును.

సంగ్రహము చేయుటకు హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రసిద్ధము. అది చిత్రమును కుదించి సెల్‌ఫోనులో చూచుటకు వీలైన చిన్న ఫైలుగా మార్చును. పరిమాణము మూడవ వంతునకో నాలుగవ వంతునకో తగ్గును. విదేశములోని బిడ్డలకు పంపుటకు ఇది ఎంతయు అనుకూలము. కాని కుదించునప్పుడు పోయిన సూక్ష్మాంశములు మరల రావు. కనుక మూలము ముందు, సంగ్రహము తరువాత. ఈ వరుస తప్పరాదు.

బిళ్ళ గీతలు పడి మధ్యలో ఆగిపోవుచున్నచో ఏమి చేయవలెను? మొదట మెత్తని బట్టతో నడిమినుండి అంచువైపునకు సూటిగా తుడువవలెను. గుండ్రముగా తుడువరాదు. అప్పటికిని చదువనిచో డిడిరెస్క్యూ అను ఉచిత సాఫ్ట్‌వేర్ ఉపకరించును. సాధారణ సాధనము చెడిన చోట ఆగిపోవును. ఇది అట్లుగాక బాగున్న భాగములను ముందు చదివి భద్రపరచి, చెడిన చోట్లకు పిమ్మట తిరిగివచ్చి మరల మరల ప్రయత్నించును. ఎచ్చట చదివినది, ఎచ్చట చదువలేకపోయినది ఒక పట్టికలో వ్రాసికొనును. బంధువుల ఇంట అదే పెండ్లి బిళ్ళ మరియొకటి ఉండి, అది స్టూడియోవారు ఒకే మూలమునుండి తీసి ఇచ్చినదైనచో, మొదటిదానిలోని ఖాళీలను రెండవదానితో నింపవచ్చును.

ఈ పద్ధతి తెలుగువారికి క్రొత్తది కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798-1884) కడపలో పండితులను చేర్చి చేసిన పని ఇట్టిదే. ఒక తాళపత్ర ప్రతిలో శిథిలమైన పద్యమును మరియొక ప్రతితో పోల్చి పూరించిరి, శుద్ధ ప్రతులు వ్రాయించిరి. ఒకే గ్రంథము పలు ఇండ్లలో ఉండుటవలననే అట్టి పోలిక సాధ్యమైనది.

నకలు తీసినంత మాత్రమున పని ముగియదు. నకలు సరిగా వచ్చినదా యని చూచుకొనవలెను. ఈ విషయములో కోనసీమకు దారి చూపువారు ఇక్కడి వేదపండితులే. ఘనపాఠులకు పేరుగన్న సీమ ఇది. క్రమపాఠములో ఒకటి రెండు, రెండు మూడు అని పదములను జతలుగా చెప్పుదురు. జటలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అని ముందువెనుకలుగా చెప్పుదురు. ఘనములో మూడవ పదమును గూడ చేర్చి త్రిప్పి త్రిప్పి చెప్పుదురు. ఒక్క అక్షరము జారినను ఎచ్చటనో ఒకచోట పట్టుబడును. వ్రాత లేకయే వేదము నిలిచినదన్న ఈ పరీక్ష వలననే. 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయమును మానవజాతి వారసత్వముగా ప్రకటించినది.

కంప్యూటరులో ఆ ఘనపాఠమునకు సాటియైన పరీక్ష చెక్‌సమ్. షా-256 అను గణితవిధానము ఎంత పెద్ద ఫైలునకైనను 64 గుర్తుల వరుస నొకదానిని ఇచ్చును. ఫైలులో ఒక్క బిట్టు మారినను ఆ వరుస మారిపోవును. బిళ్ళను రెండుసార్లు చదివించి రెండు ఇమేజిల వరుసలు తీయవలెను. రెండును సమానమైనచో నకలు నమ్మదగినది. ఆ వరుసను ఒక చిన్న ఫైలులో వ్రాసి పెట్టుకొన్నచో, ఐదేండ్ల తరువాత గూడ నకలు చెడినదో లేదో క్షణములో తెలిసికొనవచ్చును. కావున సాఫ్ట్‌వేర్ ఎన్నుకొనునప్పుడు దాని రంగులు, బొత్తాములు చూడనక్కరలేదు. తీసినదానిని మరల సరిచూచు శక్తి కలదా యని చూడవలెను. దానిని తయారుచేసినవారి సొంత స్థానమునుండియే దింపుకొనవలెను. స్థాపించునప్పుడు వెంట తగిలించు ఇతర సరుకును నిరాకరింపవలెను.

ఇక తాళము వేసిన బిళ్ళల సంగతి. అంగడిలో అమ్ము సినిమా బిళ్ళలు పెక్కింటికి సి.యస్.యస్. అను రహస్యలిపి తాళముండును. దానిని విప్పు డి.వి.డి. డిక్రిప్టర్ అను సాఫ్ట్‌వేర్ ఒకప్పుడు ప్రసిద్ధమై, చట్టపు ఒత్తిడివలన 2005లో నిలిచిపోయినది. ఇంటి పెండ్లి బిళ్ళకు అట్టి తాళము ఉండదు. కనుక తాళము విప్పు సాధనములకై వెదకుట ఇంటివారికి అనవసర శ్రమ.

చట్టము గూడ తెలియవలెను. 1957 నాటి భారత కాపీరైటు చట్టములోని 17వ సెక్షను ప్రకారము, వేరు ఒప్పందము లేనిచో, మూల్యమిచ్చి తీయించుకొన్న చిత్రమునకు తొలి హక్కుదారు తీయించుకొన్నవారే. 52వ సెక్షను స్వంత ఉపయోగమునకై న్యాయమైన వినియోగమును అనుమతించును. 2012 సవరణవలన చేరిన 65-ఎ సెక్షను, హక్కులను భంగపరచు ఉద్దేశముతో తాళము విప్పువానికి రెండేండ్లవరకు జైలుశిక్షను, జరిమానాను విధించును. సినిమాను నకలు తీసి అమ్ముట, పంచిపెట్టుట దోషము. తన ఇంటి బిళ్ళను కాపాడుకొనుట గృహస్థుని ధర్మము.

నకలు ఎచ్చట నుంచవలెను? మూలమును, నకలును ఒకే బీరువాలో నుంచినచో ఒకే వరదకు రెండును పోవును. ఒక ప్రతి ఇంటి హార్డ్‌డిస్కులో, ఒక ప్రతి పెన్‌డ్రైవులో, ఒక ప్రతి హైదరాబాదులోనో విశాఖపట్టణములోనో నున్న బంధువుల ఇంట నుండుట మేలు. వశిష్ఠ పొంగినను వైనతేయ పొంగినను దూరమున నున్న ప్రతి క్షేమముగా నుండును. హార్డ్‌డిస్కును సైతము శాశ్వతమని నమ్మరాదు. ఏటికొకసారి తెరచి చూచి, కొన్నియేండ్లకొకసారి క్రొత్తదానిమీదికి మార్చవలెను. శిథిలమగు తాటాకును తీసి క్రొత్త ఆకుపై వ్రాసిన పూర్వుల పద్ధతియు ఇదియే.

ఆలస్యము చేయుటకు కాలము లేదు. బిళ్ళ బాగున్నను చదువు యంత్రము దొరకని దినములు సమీపించుచున్నవి. క్రొత్త ల్యాప్‌టాప్‌లలో డి.వి.డి. డ్రైవు సాధారణముగా ఉండుట లేదు. యు.ఎస్.బి.కి తగిలించు వెలుపలి డ్రైవు నేటికిని దొరకుచున్నది. ప్రతి ఇంటివారు దానిని కొననక్కరలేదు. గ్రామమునకు ఒకటి చాలును. దానికి తగిన స్థలము గ్రంథాలయము. చదువుకొన్న యువకులు ఇద్దరు వారమునకొక సాయంకాలము కేటాయించి, ఇంటివారి ఎదుటనే నకలు తీసి, సరిచూచి, బిళ్ళను మరల వారి చేతనే పెట్టవలెను. ఇంటివారు కోరనిదే ఏ ప్రతియు గ్రంథాలయములో నిలువరాదు. ఇంటి ముచ్చట ఇంటివారిదే.

రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయమునకు ఇంతకు తగిన సేవ వేరొకటి యుండునా? ముద్రింపబడిన పుస్తకమునకు వేయి ప్రతులు వేయి ఊళ్ళలో నుండును. బామ్మగారి జోలపాటకు ఉన్నది ఒక్క ప్రతి. దానికి రెండవ ప్రతిని నేడే చేయుడు. మూడవదానిని దూరముగా దాచుడు. రేపు పుట్టబోవు మనుమరాలు ఆ పాట వినునుగాక!