టాఫ్ నదిపై ఏకకమాను వంతెన



చిత్రమునెట్లు చూడవలయునో జీవితాంతము బోధించిన ఆచార్యుని స్మృతికై నెలకొల్పిన ఈ వేదికనుండి, దక్షిణ వేల్సులో టాఫ్ నదిపై నిలిచిన ఒక రాతివంతెన చరిత్రను విన్నవింపదలచితిని. ఒకే వస్తువు చిత్రకారుని కుంచెకును, ఛాయాగ్రాహకుని కెమెరాకును ఎంత భిన్నముగ దొరకెనో తెలుపుటకు ఆ పాంటిప్రిద్ వంతెనకంటె మంచి యుదాహరణమును నేనెరుగను.

రైతుకుటుంబమున బుట్టి, రాతిపని తనంత తానే యభ్యసించి, మతబోధకుడుగ కూడ నుండిన విలియం ఎడ్వర్డ్స్ 1746లో ఈ పనికి పూనుకొనెను. నదిలో స్తంభములు నిలిపి కట్టిన మొదటి వంతెనకు, వరద మోసికొని వచ్చిన చెట్లు అడ్డుపడగా, ఆ ప్రవాహపు తాకిడికి అది కూలిపోయెను. ఇక స్తంభమే లేకుండ ఒడ్డునుండి ఒడ్డునకు కమాను వంపదలచెను, అదియు నిలువలేదు. ఇరుభుజములపై పేర్చిన రాతిబరువు క్రిందికి నొక్కగా, తేలికయైన నడిమి శిఖరము పైకి లేచి కట్టడము విచ్చిపోయెను. ఆ లోపమును గ్రహించి, 1756లో ముగించిన వంతెనయందు ఒక్కొక్క భుజమున 9, 6, 3 అడుగుల వ్యాసముగల మూడేసి గుండ్రని రంధ్రములను అమర్చెను. బరువు తగ్గెను, కమాను నిలిచెను. 140 అడుగుల ఆ ఏకకమానుకు సాటి రాగలది ఆనాడు బ్రిటనులో లేదు.

బరువు తగ్గించుటకే పుట్టిన ఆ రంధ్రములు కంటికెంత యింపైనవో! ఇటలీలో ఏండ్లతరబడి ప్రకృతిచిత్రణము సాధనచేసి వచ్చిన వేల్సు చిత్రకారుడు రిచర్డ్ విల్సన్ ఈ వంతెనను చిత్రించెను. ఆ చిత్రపు ముద్రితప్రతులు దేశమంతట వంతెన రూపమును వ్యాపింపజేసెను. 1790ల దశాబ్దమున వేల్సులో పలుమార్లు సంచరించిన ఆంగ్ల చిత్రకారుడు టర్నరు సయితము దీనిని గీచెను. అయితే, వారిని మురిపించిన ఆ యెత్తైన వంపే బండివారికి ప్రాణసంకటమైనది. దిగువకు జారిపోకుండ బండ్లకు గొలుసులు తగిలించి ఈడ్పింపవలసివచ్చెడిది. ఆ కష్టమును తీర్చుటకే 1857లో దానిని ఆనుకొని చదునైన దారితో విక్టోరియా వంతెన వెలసెను.

వేల్సునకు ఛాయాచిత్రకళ అప్పటికే వచ్చియుండెను. కాల్వర్ట్ రిచర్డ్ జోన్స్ 1841 మార్చి 9న తీసిన మార్గమ్ భవనచిత్రము నేటికిని నిలిచియున్నది. విక్టోరియా వంతెన వెలసిన ఆ 1857లోనే ఛాయాగ్రాహకుడు రోజర్ ఫెంటన్ ఉత్తర వేల్సు నదీలోయలలో కెమెరాను నిలిపెను. ఫలకముపై వెలుగు పడవలసిన కాలము దీర్ఘమగుటచే నాటి చిత్రములలో పారు నీరు తెల్లని పొగవలె కనబడును. కాని పాంటిప్రిద్‌కు ఆ తరువాత వచ్చిన ఛాయాగ్రాహకునికి విల్సనునకు దొరకిన ఏకాంతము దొరకలేదు. చిత్రకారుడు తనకు వలదన్నదానిని విడువగలడు. కెమెరాకు ఆ స్వేచ్ఛ లేదు. పాతకమాను వెనుక క్రొత్త వంతెన తప్పక తొంగిచూచెను.

దానిని చిత్రదోషమని కొందరందురు, నేనందుకు సమ్మతింపను. విల్సను వంతెన సౌందర్యమును చూపెను. ఆ ఛాయాచిత్రములు ఆ సౌందర్యముపై నడచిన బండ్ల శ్రమకు లభించిన సమాధానమును కూడ చూపుచున్నవి. కళాచరిత్రగ్రంథములలో ఈ రెండింటిని ఎదురెదురు పుటలలో ముద్రింపవలెనని నా ప్రార్థన.