‘ఈజ్’ ఎటు పోయింది?

భీమ్‌గల్‌లో మూడో తరగతి పిల్లకు పసుపు కొమ్ము చూపిస్తే “ఇది పసుపు” అని టక్కున చెబుతుంది. వాక్యం పూర్తయింది. క్రియ లేదు, తెలుగుకు అక్కర్లేదు కూడా. ఇంగ్లీషులో అడిగితే అదే ధాటిలో “దిస్ టర్మరిక్” అనేస్తుంది. నడుమ ‘ఈజ్’ మాయం! అది తెలివితక్కువతనమేమీ కాదు, ఇంటిభాష అలవాటు.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. తెలుగు పేజీని అర్థం చూసుకోవడానికే వాడితే సగం లాభం పోయినట్టే. ‘ఈజ్’ లాంటి తేడాలు తెలియాలంటే రెండు పేజీల్లోని వాక్యాల అమరికనూ పోల్చి చూడాలి.

అందుకు మూడు అట్టముక్కలు చాలు. “నాయన పసుపు అమ్మిండు” అని ఒక్కో ముక్కపై ఒక్కో మాట రాసి ముగ్గురు పిల్లల చేతికిస్తే, వాళ్లు అటూ ఇటూ మారినా అర్థం చెడదు. “ఫాదర్ సోల్డ్ టర్మరిక్” అన్నప్పుడు మాత్రం మిగతా ఇద్దరి నడుమ నిలబడాల్సింది క్రియే. మొదటివాడూ చివరివాడూ చోటు మార్చుకుంటే ఆర్మూరు మార్కెట్లో పసుపే నాయనను అమ్మేస్తుంది! తరగతంతా నవ్వుతుంది, వరుస గుర్తుండిపోతుంది.

తర్వాత కర్తలను మార్చి పలికించాలి. అమ్ముతాను, అమ్ముతావు, అమ్ముతాడు అంటూ తెలుగు క్రియ మనిషిమనిషికీ మారుతుంది. ఇంగ్లీషులో ‘సెల్’ దాదాపు కదలదు. ‘హి’, ‘షి’, ‘ఇట్’ గానీ, ‘ఫాదర్’ లాంటి ఏకవచన నామం గానీ వచ్చినప్పుడే ‘సెల్స్’ అవుతుంది. పిల్లలు ఎక్కువగా మరిచేది ఆ చివరి అక్షరాన్నే కాబట్టి, రోజూ ఐదు నిమిషాలు దానికే కేటాయించినా ఎక్కువ కాదు.