గుండెకు మూలిక: తోడుగానా, బదులుగానా?

 

మేము వైద్యులం కాము, పాఠాలు చెప్పుకునేవాళ్ళం. పిల్లల ఇళ్ళకు వెళ్ళినప్పుడు చూస్తున్న ఒక సంగతి చెప్పడానికే నిలబడ్డాం.

ఈమధ్య మన ఇళ్ళలో 'హాథార్న్' అనే సీసాలు కనిపిస్తున్నాయి. విదేశాల్లో ఉన్న బిడ్డలు అమ్మానాన్నల గుండె కోసం ప్రేమగా పంపుతున్నారు. అది గులాబీ కుటుంబానికి చెందిన ముళ్ళ చెట్టు. తెల్లని పూలు, ఎర్రని చిన్న కాయలు. అరబ్బు దేశాల్లో ఆ జాతి పండును 'జారూర్' అంటారు. చైనాలో అరుగుదలకు తింటారు. యూరప్‌లో ఆకులు, పూల నుంచి తీసిన సారాన్ని గుండెకు వాడతారు.

మూలికలంటే మనకు చులకన లేదు. వెయ్యేళ్ళ కిందటే ఇబ్న్ సీనా గుండె మందుల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. మన పల్లెల్లో తెల్లమద్ది బెరడు కషాయం నేటికీ తాగుతారు. అయినా ఏ మందు ఎంతవరకు పనిచేస్తుందో అడిగి తెలుసుకోవాలి.

హాథార్న్‌ను పరీక్షించారు. 2008లో 14 ప్రయోగాలను కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష, గుండె బలహీనపడినవారిలో ఆయాసం, అలసట కొంత తగ్గాయని చెప్పింది. వారిలో చాలామంది డాక్టరు మందులు కూడా వాడుతున్నవారే. అదే ఏడాది ఫలితాలు వెలువడిన మరో పెద్ద పరీక్షలో యూరప్‌లోని 2,681 మంది రోగులు పాల్గొన్నారు. మామూలు మందులకు తోడుగా కొందరికి రోజుకు 900 మిల్లీగ్రాముల సారం, కొందరికి మందులేని ఉత్తి మాత్ర ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత చూస్తే గుండె మరణాలు, గుండెపోట్లు, ఆసుపత్రి చేరికలు అన్నీ కలిపి చెప్పుకోదగ్గ తేడా లేదు.

అంటే డాక్టరుకు చెప్పి తోడుగా వాడితే వాడవచ్చు. చెప్పకుండా వాడితే బీపీ మందుతో కలిసి రక్తపోటు మరీ పడిపోవచ్చు. బీపీ బిళ్ళ మానేసి దీన్నే నమ్ముకోవడం ఇంకా ప్రమాదం.

"చెట్టు మందు చేటు చేయదు టీచర్" అని ఆటో నడిపే ఒక తండ్రి మాతో అన్నాడు. నాలుగు నెలలు బీపీ బిళ్ళలు మాని మూలికల పొడికి డబ్బు పెట్టాడు. బీపీ పెరిగితే నొప్పి తెలియదు కదా, బాగానే ఉన్నాననుకున్నాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పదో తరగతిలో ఉండాల్సిన కొడుకు గ్యారేజీలో పానాలు అందిస్తున్నాడు.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ మాత్రలు ఉచితమే. ఒకపూట కూలి పోతుందని వెళ్ళనివాళ్ళు, బాగానే ఉన్నామని మానేసేవాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు.

దాతలకు మా మనవి ఇదే. ఒక బీపీ మిషను, నెలకోసారి జుమా తర్వాత కొలిచి పుస్తకంలో రాసిపెట్టే ఒక నర్సు, ఆడవాళ్ళకు వేరుగా ఇంకో రోజు. విద్యార్థి వేతనాలకు మీరిచ్చే సొమ్ముతో పాటు దీనికీ కొంత కేటాయించండి. తండ్రి ఆరోగ్యంగా ఉంటేనే పిల్లవాడు బడిలో ఉంటాడు.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.