పాలు పిండే చేతికి తిమ్మిరి పడితే

(చెల్పూరులో పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



మేము డాక్టర్లము కాము. సహకార శిక్షణలో డిప్లొమా పొంది, ఏళ్ల తరబడి సంఘాల లెక్కలు తనిఖీ చేస్తున్న వాళ్లము. అట్టి మేము నరాల జబ్బు గురించి మాట్లాడడానికి నిలబడ్డామంటే ఒక కారణమున్నది. రిజిస్టరు చూడడంలో మేము చేసిన ఒక తప్పే మాకు ఈ విషయం నేర్పింది. ముందుగా ఆ తప్పే మీ ముందు ఒప్పుకుంటాము.

కొన్నేళ్ల క్రితం ఒక గ్రామ సంఘం తనిఖీకి వెళ్లాము. అక్కడ ఒక సభ్యురాలు, భర్త లేని మనిషి, రెండు బర్రెల మీద సంసారం నడుపుకుంటున్నది. పూటకు 6 లీటర్లు పోసే ఆమె నాలుగు నెలల్లో మూడున్నరకు దిగింది. వెన్న శాతం కూడా తగ్గుతూ వచ్చింది. మంచి పాలు హోటలుకు పోసి, మిగిలిన వాటిలో నీళ్లు కలిపి సంఘానికి తెస్తున్నదని కమిటీ వారి అనుమానం. మేమూ అదే నమ్మి, తనిఖీ నివేదికలో "కల్తీ అనుమానము" అని రాసినాము. ఆమె పేరు నోటీసు బోర్డుకు ఎక్కింది.

మరుసటిసారి వెళ్లినప్పుడు ఆమె మా ముందు కూర్చొని కుడిచెయ్యి చాపింది. "రాత్రి రెండు గొట్టంగ చెయ్యి మండి లేస్త సారూ. దులుపుకుంట కూసుంట. పొద్దుగాల బర్రె కింద కూసుంటే చన్ను పట్టినట్టే ఉండది" అన్నది. బొటనవేలి అడుగున ఉండే కండ చిక్కి గుంటపడింది. అప్పుడు రిజిస్టరు మళ్లీ తెరిచినాము. నీళ్లు కలిస్తే లాక్టోమీటరు రీడింగు పడిపోవాలి. ఆమె పాలలో అది ఒక్కనాడూ పడలేదు. వెన్న గడి చూసి, పక్కనున్న లాక్టోమీటరు గడి చూడకుండా మేము రాసినాము.

అసలు జరిగింది ఇది. పొదుగులో చివరన వచ్చే పాలలోనే వెన్న ఎక్కువ. చేతిలో పట్టు తప్పిన మనిషి పొదుగు పూర్తిగా పిండలేదు. అందుచేత పాలూ తగ్గినవి, వెన్నా తగ్గింది. పొదుగులో పాలు మిగిలిపోతూ ఉంటే బర్రె తొందరగా ఒట్టిపోతుంది. పొదుగు వాపు ఉన్న బర్రె అయితే అది ముదురుతుంది. అనగా ఒక నరం మీద పడిన ఒత్తిడి ఆ ఇంటి ఆదాయాన్నీ, పశువునూ, ఆఖరుకు ఆమె పరువునూ పట్టుకున్నది.

ఇక నరం సంగతి. మన మణికట్టులో అరచేతి వైపున ఒక ఇరుకు దారి ఉన్నది. అడుగున ఎముకలు, పైన గట్టి పట్టీ. మన గణపురం చెరువు తూము మాదిరి దానికీ ఒక కొలత ఉన్నది, సాగదు. ఆ దారిలో వేళ్లను ముడిచే 9 స్నాయువులు, వాటితోపాటు ఒక నరం పోతాయి. వేళ్లు గంటల తరబడి ముడిచి తెరుస్తూ, మణికట్టు వంచి బిగిస్తూ ఉంటే లోపల వాపు వచ్చి నరం నలుగుతుంది. దీనినే కార్పల్ టన్నెల్ జబ్బు అంటారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలికి రాదు. రాత్రిపూట ఎక్కువ. చెయ్యి విదిలిస్తే కాస్త తగ్గుతుంది. ఆడవారిలో ఎక్కువ. గర్భిణులకు, షుగరు, థైరాయిడ్ ఉన్నవారికి తొందరగా వస్తుంది.

మన ఆడవాళ్ల చెయ్యి ఎప్పుడు ఆగుతుంది? తెల్లవారక ముందు బర్రె, పగలు పత్తి ఏరుట, పొద్దు వాలితే కొడవలి పట్టి గడ్డి కోత, మళ్లీ బర్రె. ఆ నాలుగు పనులూ అదే చెయ్యి, అదే పట్టు.

ఇప్పుడే ఒక పరీక్ష చేసి చూద్దాము. రెండు చేతుల వెనుక భాగాలను ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి దించి, మణికట్లు వంచి 1 నిమిషం ఉంచండి. ఆ మూడున్నర వేళ్లలో తిమ్మిరి వస్తే అనుమానించవలసిందే. అమెరికా డాక్టరు ఫాలెన్ పేరు మీద ఈ పరీక్ష నేటికీ వాడుకలో ఉన్నది. ఇది అనుమానానికే గాని నిర్ధారణకు కాదు.

నరం నలిగే చోట్లు ఇంకా ఉన్నవి. చిటికెనవేలు తిమ్మిరెక్కితే మోచేతి దగ్గర చూడాలి. గట్టు మీద మోచెయ్యి ఆనించి కూర్చునే అలవాటు దానికి చెరుపు. చాలాసేపు గొంతుకూర్చొని పాలు పిండేవారికి, కలుపు తీసేవారికి మోకాలి కింద బయటివైపున నరం ఒత్తుకొని పాదం పైకి లేవకుండా పోవచ్చు. నడిస్తే చెప్పు నేలకు ఈడ్చుకుంటుంది.

వెన్నుపూసల నడుమ మెత్తని దిండ్ల వంటి డిస్కులు ఉంటాయి. అందులో ఒకటి బయటకు ఉబికి నరాన్ని నొక్కితే పిర్ర నుండి పాదం వరకు గుంజుతుంది. డిస్కు వల్ల ఈ నొప్పి వస్తుందని 1934లో అమెరికా డాక్టర్లు మిక్స్‌టర్, బార్ లోకానికి చూపించినారు. నిండిన 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోల బరువు. క్యానుతో కలిపి 45 దాటుతుంది. నడుము వంచి ఒక్కడే దానిని ఎత్తి ట్రాలీలో పెట్టడం బలం కాదు, నడుము మీద పందెం కాయడం. మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా పట్టి, ఇద్దరు ఎత్తండి.

మన పొరుగున ఉన్న పూర్వపు నల్గొండ జిల్లాలో నీటి ద్వారానే వెన్నునరం నలిగింది. నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ ఎముక మందమై, వెన్నులోని బంధనాలు గట్టిపడి, నరం పోయే దారి ఇరుకవుతుంది. ముందు మెడ, నడుము బిగుసుకుంటాయి, పిదప కాళ్లు పడిపోతాయి. పొదిలి, దర్శి ప్రాంతాలలో ఈ జబ్బును 1937లోనే వైద్యులు రాసినారు. నల్గొండ సంగతి 1955లో బ్రిటిషు వైద్య పత్రికలో వచ్చింది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. ఎవరి బోరు నీరు వారు ఒకసారి పరీక్ష చేయించుకొనుట మేలు.

అన్ని తిమ్మిర్లూ నరం నలగడమే కాదు. రెండు పాదాలకూ మేజోళ్లు తొడిగినట్లు తిమ్మిరెక్కితే షుగరు, బి12 లోపము చూపించుకోవాలి. స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. దానికి మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

చేయవలసినవి చెబుతాము. బర్రెను తొందరపెట్టక, పొదుగు కడిగి, చేపుకు వచ్చాక పిండండి. అప్పుడు చేతికి శ్రమ తగ్గుతుంది. బొటనవేలు మడిచి గుంజే పద్ధతి మానండి. అది మన వేలికీ, బర్రె చన్నుకూ చేటు. నిండు పిడికిలితో, మణికట్టు నిటారుగా ఉంచి పిండండి. చిన్న పీట వేసుకోండి. పూట మార్చి పూట ఇంట్లో మగవారూ చెయ్యి కలపండి. చేతిలో బలం లేదని బర్రెకు సూది వేసి పాలు దించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరము.

తిమ్మిరి మొదలైన నెలలోనే డాక్టరుకు చూపండి. రాత్రి మణికట్టు నిటారుగా ఉంచే పట్టీ కట్టుకుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. దానితో తగ్గకపోతే ఇంజెక్షను, ఆపైన చిన్న ఆపరేషను. డిస్కు నొప్పి కూడా ఎక్కువమందికి కొద్ది వారాలలో, కోతలు లేకుండానే తగ్గుతుంది. మంచం పట్టకుండా మెల్లగా తిరుగుతూ ఉండాలి. మెడ విరిపించుట, నడుము తొక్కించుట వద్దు. అయితే మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, రెండు కాళ్లు బలం తప్పినా రేపటికి వాయిదా వేయకండి. ఆ పూటే పెద్ద ఆసుపత్రికి తీసుకొని పోండి. గంటలు గడిచేకొద్దీ నరం పోతుంది.

కార్యదర్శులకు ఒక మనవి. ఒక సభ్యురాలి పాలు నెలనెలా తగ్గుతూ, లాక్టోమీటరు మాత్రం నిలకడగా ఉంటే, నోటీసు రాసే ముందు ఆమె చెయ్యి చూడండి. నిర్ణీత రోజులు పాలు పోయకపోతే ఉపనియమాల ప్రకారం బోనసు పోవచ్చు, ఓటూ పోవచ్చు. జబ్బుతో ఆగినవారి సంగతి కమిటీ ముందు పెట్టి తీర్మానం రాయించండి.

ఆ సభ్యురాలి సంగతి మీరు అడుగుతారు. ఆపరేషను జరిగింది. రాత్రి మంట పోయింది, నిద్ర పడుతున్నది. చిక్కిన కండ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు, ఆలస్యమైంది. ఒక బర్రెను అమ్ముకున్నది. రెండవదానిని ఆమె కొడుకు పిండుతున్నాడు. కల్తీ అని మేము రాసినది తప్పని మహాసభలో మేమే నిలబడి చెప్పి, మినిట్సులో రాయించినాము. ఆమె ఏమీ అనలేదు, పాసుపుస్తకం చాపి ఆ పూట పాలు రాయించుకొని వెళ్లింది.

ఇక్కడున్న అక్కలలో రాత్రి చెయ్యి దులుపుకుంటూ లేచేవారు ఎవరైనా ఉంటే, దయచేసి ఈ వారమే చూపించుకోండి. సెలవు.